పాతకాలపు రేసు కారు బాడీని ఇంట్లో చేత్తో కొట్టుకోవచ్చా? సుత్తి ఎత్తే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 1950ల నాటి గ్రాండ్ ప్రీ కార్ల తరహాలో ఒంటి సీటు కారు ఇంట్లో కడుతున్నారు, పైపుల చాసిస్ అయిపోయింది, ఇప్పుడు ముక్కు, బానెట్, తోక అల్యూమినియం రేకుతో చేత్తోనే చేయాలనుకుంటున్నారు. మీ దగ్గర ఇసుక సంచి, గూటం ఉన్నాయి. ముక్కు పైభాగం కొట్టి చూస్తే మధ్యలో ఉబ్బు బాగానే వచ్చింది గానీ అంచులు అలలు అలలుగా లేచాయి, ప్యానెల్ చాసిస్ మీద కూర్చోవడం లేదు. ఇంగ్లిష్ వీల్ (రెండు చక్రాల మధ్య రేకును నొక్కుతూ నడిపే యంత్రం) కొంటే ఈ బాధ తీరుతుందా, ఏ రేకు వాడాలి, చివర్లో రంగు వేయకుండా పాలిష్ చేసి వదిలేయొచ్చా అని అడిగారు.

చేత్తో చేయొచ్చు, నిస్సందేహంగా. 1954లో వచ్చిన మసెరాటి 250ఎఫ్ లాంటి కార్ల బాడీలన్నీ ముక్కలు ముక్కలుగా చేత్తో కొట్టి వెల్డింగ్‌తో అతికినవే. వీల్ మాత్రం ఇప్పుడే కొనకండి, మీ అంచుల సమస్యను అది తీర్చదు. మీ ప్యానెల్ అంచు దగ్గర ఉండాల్సిన దానికంటే రేకు ఎక్కువైంది. ఆ ఎక్కువైన రేకును కుదించాలి. ఇంగ్లిష్ వీల్ రేకును సాగదీస్తుంది తప్ప కుదించదు. అలలు ఉన్న అంచును తీసుకెళ్లి వీల్‌లో పెడితే అలలు ఇంకా పెరుగుతాయి.

ఈ పనిలో మనం రేకుకు చేసేవి వంచడం కాకుండా రెండే: ఒకచోట సాగదీస్తాం, ఒకచోట కుదిస్తాం. ఒకవైపుకే వంగిన ఆకారమైతే, అంటే మీ బానెట్ మధ్య భాగం లాంటిదైతే, చేత్తో పైపు మీద వంచుకుంటే సరిపోతుంది. రెండువైపులా వంపున్న ఆకారానికి వంచడం చాలదు, రేకు విస్తీర్ణమే మారాలి. మధ్యలో విస్తీర్ణం పెరగాలి, లేదంటే అంచు పొడవు తగ్గాలి, మామూలుగా రెండూ కొంత కొంత జరగాలి. మీరు మొత్తం ఉబ్బును మధ్యలో సాగదీయడంతోనే తెద్దామని చూశారు. ముక్కు లాంటి లోతైన ఆకారానికి అది చాలదు, పైగా మధ్యలో రేకు బాగా పలచబడుతుంది.

అందుకే నేను ఏ ప్యానెల్ పట్టుకున్నా ముందు రెండు గుర్తులు వెతుకుతాను. అంచు అలలుగా ఉందంటే అంచు పొడవు ఎక్కువైంది. అంచును కుదించాలి, లేదా ఆకారం ఒప్పుకుంటే మధ్యలో ఇంకొంచెం సాగదీయాలి. అంచు బిగుసుకుని మధ్య భాగం నూనె డబ్బా అడుగులా నొక్కితే టప్‌మని లోపలికి, వదిలితే టప్‌మని బయటికి వస్తోందంటే మధ్యలో రేకు ఎక్కువైంది, చుట్టూ ఉన్నది తక్కువైంది. అప్పుడు చుట్టూ ఉన్న భాగాన్ని సాగదీయాలి. ఇది తిప్పి చేస్తే, అంటే టపటపలాడే చోటునే సుత్తితో సరిచేద్దామని కొడితే, ప్రతి దెబ్బకీ అక్కడ రేకు ఇంకా సాగి సమస్య రెట్టింపవుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల ప్యానెళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు నేను చూసే వాటిలో ఎక్కువ భాగం ఇదే. పాపం చాలా కష్టపడి కొట్టి ఉంటారు, కొట్టింది కొట్టకూడని చోట.

ఇక రేకు సంగతి. 3003 గ్రేడు అల్యూమినియం, హెచ్‌14 టెంపర్ (అంటే గట్టిదనం), 1.6 మి.మీ. మందం తీసుకోండి. కొట్టి, వెల్డింగ్ చేసి, ఆకురాయి పట్టాక కూడా కొంత మందం మిగలాలి కాబట్టి మొదటి కారుకు 1.2 కంటే 1.6 నయం. బరువు గురించి టెన్షన్ వద్దు. 1.6 మి.మీ. అల్యూమినియం చదరపు మీటరుకు సుమారు 4.3 కిలోలు తూగుతుంది, 0.9 మి.మీ. స్టీలు రేకు 7 కిలోలు దాటుతుంది. 5052 గట్టిది, చదును భాగాలకు, సీటు వెనక గోడలాంటి వాటికి బాగుంటుంది గానీ చేత్తో ముక్కు తీయడానికి ఏడిపిస్తుంది. 6061-టీ6 అసలు వద్దు, అది బ్రాకెట్లకు పనికొచ్చే సరుకు. మడత పెడితే పగులుతుంది, వేడి చేస్తే దాని బలం పోతుంది. ఏ గ్రేడో తెలియని పాత రేకు దొరికిందని వాడకండి. దాంట్లో మీరు నేర్చుకున్నది రేపు ఇంకో రేకుకు వర్తించదు.

సుత్తి ఎత్తే ముందు చెక్క నమూనా కట్టాలి, మేము బక్ అంటాం. మీరు ఫొటోల్లో చూసే అందమైన చెక్క శిల్పంలా ఉండాల్సిన పనిలేదు. ప్లైవుడ్‌ను అడ్డకోతల ఆకారంలో కోసి, జానెడు దూరంలో ఒకటి చొప్పున నిలబెట్టి, మధ్యలో పొడవునా ఒక పలక పెడితే చాలు. ముక్కు కొస దగ్గర మాత్రం వంపు త్వరగా మారుతుంది కాబట్టి దగ్గర దగ్గరగా పెట్టండి. ప్లైవుడ్ కోసేటప్పుడు రేకు మందాన్ని తీసేసి కోయడం మర్చిపోవద్దు. ఇంకోటి, బక్ మీద పెట్టి కొట్టకూడదు. అది కొలబద్ద మాత్రమే. కొట్టడం సంచి మీద, సరిచూసుకోవడం బక్ మీద. రెండు దెబ్బలకు ఒకసారి అన్నట్టు తీసుకెళ్లి పెట్టి చూస్తూనే ఉండాలి.

బక్ ఉంటే వచ్చే అసలు లాభం కాగితంతో తెలుస్తుంది. కాస్త మందపాటి కాగితం ఆ ప్యానెల్ మేరకు బక్ మీద పరిచి, మధ్యలో టేపు వేసి, అంచుల వైపు చేత్తో నిమురుతూ అద్దండి. కొన్నిచోట్ల కాగితం కుచ్చులు పడుతుంది, అక్కడ రేకును కుదించాలి. కొన్నిచోట్ల కాగితం బిగుసుకుని కత్తిరిస్తే తప్ప కూర్చోదు, కత్తిరించాక వి ఆకారంలో నోరు తెరుస్తుంది. అక్కడ రేకును సాగదీయాలి. ఆ కుచ్చులెన్ని, ఎంత లోతు, ఎక్కడ మొదలవుతున్నాయి అన్నది కాగితం మీదే పెన్నుతో గీసుకుని, తర్వాత రేకు మీదికి మార్కర్‌తో దించుకోండి. మీ ముక్కు పైభాగానికి ఇది చేసి చూస్తే ఇప్పుడు అలలు లేచిన చోట్లే కాగితం కుచ్చులు పడుతుందని నేను దాదాపు పందెం కాయగలను.

కాగితం మరీ ఎక్కువ కుచ్చులు పడుతోందంటే ఆ ప్యానెల్ మరీ పెద్దదని అర్థం. ముక్కును ఒకే రేకులో తీయాలని పట్టుబట్టకండి. పైన ఒకటి, కింద ఒకటి, పక్కలకు రెండు, గాలి నోటి చుట్టూ ఉండే పెదవి విడిగా. అప్పుడు ఒక్కో ముక్క మీ చేతిలో ఇమిడే సైజుకు వస్తుంది. ఎక్కడ విడగొట్టాలన్నది మాత్రం ఆలోచించి తేల్చాలి. అతుకు వంపు తక్కువగా ఉన్న చోట రావాలి, వెల్డింగ్ అయ్యాక లోపలి నుంచి డాలీ (రేకు వెనక ఆనించి పట్టుకునే ఇనుప దిమ్మ), బయటి నుంచి సుత్తి రెండూ అందాలి. తోక కొసలాంటి చెయ్యి దూరని చోట అతుకు పెడితే దాన్ని తర్వాత సరిచేసే దారే ఉండదు. ఒకసారి ఇంకొకరు చేసిన తోకను బాగుచేయడానికి తీసుకున్నాను, అతుకు సరిగ్గా కొసకు బెత్తెడు దూరంలో ఉంది, లోపలికి వేళ్లు తప్ప ఏమీ వెళ్లవు. చివరికి మొత్తం కొస కోసేసి కొత్తది చేసి, అతుకును ముందుకు జరిపాం.

కొట్టే ముందు రేకును మెత్తబరచాలి. హెచ్‌14 అంటే సగం గట్టిపడిన రేకు, మామూలు వంపులకు అలాగే కొట్టొచ్చు గానీ లోతు కావాల్సిన చోట ముందే వేడి చేసి మెత్తబరచుకుంటే మేలు. ఇక్కడ అల్యూమినియంతో ఒక ప్రమాదం ఉంది. స్టీలులా అది ఎర్రబడి మనకు చెప్పదు. చూస్తుండగానే మామూలుగా ఉన్నట్టే ఉండి, 640 డిగ్రీల దగ్గర కుప్పకూలి కింద పడుతుంది. మనకు కావాల్సింది 400 డిగ్రీలు దాటిన వేడి మాత్రమే. ఆ వేడి వచ్చిందో లేదో తెలియడానికే మసి పద్ధతి. టార్చ్‌లో ఆక్సిజన్ ఇవ్వకుండా ఎసిటిలీన్ మాత్రమే వెలిగించి, ఆ పొగమంటతో రేకు మీద పలచగా నల్లటి మసి పూయండి. మరీ దట్టంగా అక్కర్లేదు, కింద లోహం కాస్త కనబడుతున్నా చాలు. తర్వాత ఆక్సిజన్ కలిపి మెత్తటి మంట చేసుకుని, టార్చ్‌ను ఒకచోట ఆపకుండా, చేతిని గుండ్రంగా తిప్పుతూ వేడి చేయండి. మసి ఉన్నట్టుండి చెరిగిపోయి రేకు తెల్లగా బయటపడుతుంది. మసి పోయిన క్షణమే మంట పక్కకు జరపాలి, పోయిన చోట ఇంకో సెకను ఉంచాల్సిన అవసరం లేదు. 3003 రేకును నీళ్లతో చల్లార్చినా, గాలికి వదిలేసినా ఒకటే, మెత్తదనంలో తేడా రాదు. కొట్టేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది. దెబ్బ శబ్దం మొద్దుగా ఉన్నది కాస్తా ఖంగుమనడం మొదలై, సుత్తి వెనక్కి ఎగురుతోందంటే మళ్లీ మసి పూయాల్సిన టైం వచ్చినట్టే. అప్పుడు ఆపకపోతే అంచున పగులు వస్తుంది. రేకు కత్తిరించాక అంచును ఆకురాయితో నున్నగా చేసుకోవాలన్నది కూడా ఇందుకే, పగుళ్లు ఎప్పుడూ కత్తెర వదిలిన చిన్న గంటు దగ్గరే మొదలవుతాయి.

ఇప్పుడు మీ అంచు. కాగితం చెప్పిన చోట్ల అంచును మెత్తబరచి, రెండు కడ్డీల ఫోర్కుతో గానీ శ్రావణంతో గానీ అంచును మెలిపెట్టి చిన్న కుచ్చు తీయండి. ఆ కుచ్చు అంచు దగ్గర వెడల్పుగా, లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడి మాయమవ్వాలి. దాన్ని చెక్క దిమ్మ మీద గానీ, తగిన వంపున్న ఇనుప గుండు మీద గానీ పెట్టి, గూటంతో కుచ్చు రెండు పక్కలా మార్చి మార్చి కొడుతూ అణచాలి. కుచ్చులోని రేకు పక్కకు వాలకుండా దానిలోకే అది నొక్కుకుపోవాలి. సరిగ్గా కుదిరితే కుచ్చు పోయి, అంచు పొడవు తగ్గి, అక్కడ రేకు మందం పెరుగుతుంది. కాలిపర్‌తో కొలిస్తే ఆ తేడా స్పష్టంగా కనబడుతుంది. నేర్చుకునే రోజుల్లో తప్పకుండా కొలవండి, అంచు నిజంగా కుదిసిందా, ఊరికే చదునై వెనక్కి పోయిందా అన్నది ఆ అంకె చెబుతుంది. కుచ్చు మడతపడి రేకు మీద రేకు ఎక్కుతోందంటే వెంటనే ఆపి, తిరిగి తెరిచి, ఇంకా చిన్న కుచ్చుతో మొదలుపెట్టండి. మడతను అలాగే కొట్టి చదును చేస్తే పైకి బాగానే కనబడుతుంది, తర్వాత అదే గీత వెంట పగులుతుంది. నాలుగు పెద్ద కుచ్చుల కంటే పది చిన్నవి మంచివి.

అంచు కుదుస్తుంటే మీరు మధ్యలో ఒక్క దెబ్బ కొట్టకుండానే ప్యానెల్ తనంతట తానే గిన్నెలా ముడుచుకోవడం చూస్తారు. ఈ పనిలో నాకు ఇప్పటికీ అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. ఆ తర్వాత ఇసుక సంచి మీద మధ్యలో కావాల్సిన మిగతా ఉబ్బు కోసం అంచు వైపు నుంచి లోపలికి వరుసగా, దెబ్బ మీద దెబ్బ కొంచెం కలిసేలా కొట్టండి. ఒకేచోట లోతుగా కొట్టకండి. గూటం ముఖానికి పదునైన అంచులుంటే ముందు గుండ్రంగా నున్నగా చేసుకోండి. ఈ దశలో ప్యానెల్ గతుకులు గతుకులుగా చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కంగారు పడొద్దు. గతుకులన్నీ కలిపి చూస్తే ఆకారం బక్‌కు దగ్గరగా ఉందా అన్నదే ముఖ్యం.

వీల్ పని ఇక్కడ మొదలవుతుంది. గతుకులను నున్నగా చేయడం, మెల్లమెల్లగా ఇంకొంత వంపు తేవడం. పై చక్రం చదునుగా, కింది చక్రం వంపుగా ఉంటాయి. ప్యానెల్ వంపుకు దగ్గరగా ఉన్న కింది చక్రం ఎంచుకుని, తక్కువ ఒత్తిడితో, ఒక వరుస మీద ఇంకో వరుస కొంత ఎక్కేలా ముందుకు వెనక్కు నడపాలి. ఒత్తిడి పెంచితే పని త్వరగా అవుతుందనిపిస్తుంది గానీ చక్రం గీతలు పడి వాటిని తీయడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. వెనక్కి తిప్పే చోటు ప్రతిసారీ ఒకే గీత మీద రాకుండా ముందూ వెనకా మార్చండి, లేకపోతే అక్కడ ఒక గట్టు తయారవుతుంది. వీల్ లేకపోతే ఇదే పని నున్నటి సుత్తి, కింద డాలీ లేదా ఇనుప గుండుతో చేయొచ్చు, ఓపిక ఎక్కువ కావాలి, అంతే తేడా. ముక్కు, తోక మొత్తం అలాగే పూర్తి చేసిన కార్లు నేను చూశాను. కొనాలనే అనుకుంటే రెండు మూడు ప్యానెళ్లు చేత్తో పూర్తి చేశాక కొనండి, అప్పుడు ఏ సైజు చక్రాలు కావాలో మీకే తెలుస్తుంది. ఫ్రేము మాత్రం గట్టిది చూసుకోండి, వంగే ఫ్రేముతో ఒత్తిడి నిలకడగా ఉండదు.

వెల్డింగ్ గురించి మీరు అడగలేదు గానీ బాడీ పాడయ్యేది ఎక్కువగా అక్కడే. రెండు అంచులూ సందు లేకుండా, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా ముఖాముఖి కూర్చోవాలి. ఇంచుకో టాకా (చిన్న వెల్డింగ్ చుక్క) వేసి, టాకాలను సుత్తితో సమం చేసి, అప్పుడు అతుకు పూర్తి చేయాలి. చల్లారేటప్పుడు అతుకు వెంట లోహం ముడుచుకుని ఆ గీత లోపలికి లాగబడుతుంది. దాన్ని చూసి లప్పం పెట్టి కప్పేద్దాం అనుకోకండి. అతుకు కుదిసింది, కాబట్టి అతుకును సాగదీయాలి. కింద డాలీ పెట్టి పైన అతుకు మీదే వరుసగా తేలిక దెబ్బలు వేస్తే ఆ గీత తిరిగి పైకి లేస్తుంది. దీనికి అతుకు మెత్తగా ఉండాలి, అందుకే ఫిల్లర్‌గా, అంటే అతుకులో కరిగించి నింపడానికి, 1100 కడ్డీ గానీ, అదే రేకు నుంచి కత్తిరించిన సన్నటి పీలిక గానీ వాడతాను. అందరూ వాడే 4043 కడ్డీలో సిలికాన్ ఉంటుంది, పారడం బాగా పారుతుంది గానీ అతుకు గట్టిగా ఉండి సుత్తి దెబ్బలకు పగిలే అవకాశం ఎక్కువ. ఆర్గాన్ వెల్డింగ్ అయినా పర్లేదు, గ్యాస్ వెల్డింగ్ అతుకు ఇంకా మెత్తగా ఉంటుంది. గ్యాస్‌తో చేస్తే ఫ్లక్స్ (అతుకు శుభ్రంగా పట్టడానికి పూసే రసాయనం) నుంచి లేచే నారింజ వెలుగు మామూలు ఆకుపచ్చ అద్దంలోంచి కరిగిన లోహాన్ని కనబడనివ్వదు, అల్యూమినియం గ్యాస్ వెల్డింగ్‌కని అమ్మే ప్రత్యేకమైన అద్దమే వాడండి. ఫ్లక్స్ పొగ పీల్చకండి, తలుపులు తెరిచి పెట్టుకోండి. పని అయ్యాక వేడినీళ్లతో, బ్రష్‌తో రెండు వైపులా ఫ్లక్స్ మొత్తం కడిగేయండి, మిగిలిపోతే అది లోహాన్ని తినేస్తూ పోతుంది, రంగు బొబ్బలెక్కుతుంది.

అంచులకు తీగ చుట్టాలి, కాక్‌పిట్ చుట్టూ మరీ ముఖ్యం. కోసిన అంచు అలాగే వదిలితే అదురుకు పగులుతుంది, చెయ్యి కూడా కోస్తుంది. తీగ వ్యాసానికి రెండున్నర రెట్లు రేకు అదనంగా వదులుకోవాలి. ఇనుప తీగ కాకుండా అల్యూమినియం తీగే పెట్టండి, తడి తగిలితే ఇనుము పక్కన అల్యూమినియం తినుకుపోతుంది. చాసిస్ పైపులకు ప్యానెల్ ఆనే ప్రతిచోటా రబ్బరో, టేపో వేయాలన్నది కూడా అందుకే.

బిగించేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. అల్యూమినియం వేడికి స్టీలు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మీటరు పొడవున్న బానెట్ 50 డిగ్రీలు వేడెక్కితే కింద ఉన్న స్టీలు చాసిస్ కంటే అర మిల్లీమీటరు దాకా ఎక్కువ పెరుగుతుంది, ఇంజన్ వేడి ముందు బానెట్‌కే తగులుతుంది కాబట్టి నిజంలో తేడా ఇంకొంచెం ఎక్కువే. రంధ్రాలు బోల్టుకు బిగుతుగా వేస్తే చల్లగా ఉన్నప్పుడు చక్కగా కూర్చున్న ప్యానెల్ నాలుగు రౌండ్లు తిరిగేసరికి ఉబ్బి టపటపలాడుతుంది. ఒక చివర స్థిరంగా బిగించి, మిగతా రంధ్రాలు కాస్త పెద్దవి చేయండి.

చివరగా పాలిష్. రంగు లేకుండా వదిలేయొచ్చు, చాలా బాగుంటుంది, కానీ ఆ నిర్ణయం ఇప్పుడే చేయాలి. 4043తో అతికితే ఎంత పాలిష్ చేసినా ఆ అతుకు బూడిదరంగు గీతలా కనబడుతుంది, అదే రేకు పీలికతో అతికితే దాదాపు కలిసిపోతుంది. లప్పం ఎక్కడా వాడే వీల్లేదు. ఆకురాయి పట్టేటప్పుడు పల్లం చోట్ల ఆకురాయి తగలదు, అక్కడ లోపలి నుంచి చిన్న సుత్తితో లేపాలి గానీ చుట్టూ ఉన్న ఎత్తును అరగదీసి సమం చేయకూడదు, అలా చేసినవాళ్ల ప్యానెళ్లు వేలితో నొక్కితే లోపలికి పోయేంత పలచబడతాయి. లోతైన గీతలు కూడా అంతే, వాటిని తీయాలంటే చుట్టూ మందం పోతుంది, కాబట్టి పాలిష్ చేయాలనుకున్న రేకును మొదటి రోజు నుంచే కింద గుడ్డ పరిచి పెట్టుకోండి, ఇసుక సంచి మీద లోహపు పొట్టు లేకుండా ప్రతిసారీ దులపండి. రంగు వేయాలనుకుంటే ఇంత పట్టింపు అక్కర్లేదు, అల్యూమినియానికి పట్టే ఎచ్ ప్రైమర్ లేదా ఎపాక్సీ ప్రైమర్ ముందు వేయించండి, మామూలు ప్రైమర్ పెచ్చులుగా లేస్తుంది.

ఇప్పటికే కొట్టిన ఆ ముక్కు పైభాగాన్ని పారేయకండి. అంచు మసి పూసి మెత్తబరచి, అలలున్న చోట కుచ్చులు తీసి కుదించి చూడండి. మధ్యలో మందం ఒకసారి కొలవండి, 1.6తో మొదలుపెట్టినది 1.2 కంటే తగ్గకపోతే ఆ ప్యానెల్‌నే వాడుకోవచ్చు. తగ్గితే దాని మీద కుదించడం ప్రాక్టీస్ చేసి, కారుకు ఇంకోటి కొట్టుకోండి. అంచును పక్క నుంచి, మధ్య భాగం మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం కనబడేలా, రెండు ఫొటోలు పెడితే ఎక్కడెక్కడ కుచ్చు తీయాలో గుర్తులు పెట్టి చెబుతాను.